పన్నెండు కొవ్వొత్తుల వెలుగులో నిట్ గారికి ఉత్తరం

మహారాజశ్రీ నిట్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయ కుశలోపరి. స్క్రీన్ వెలుగును కొలిచే కొలతగా మీరు క్షేమంగానే ఉన్నారని ప్రతి ల్యాప్‌టాప్ ప్రకటనా చెబుతూనే ఉంది. మొన్న 250 ఉండేవారు, నిన్న 300 అయ్యారు, ఇవాళ 500 అంటున్నారు. వంశాభివృద్ధి బాగుంది. నా క్షేమమే అంతంతమాత్రం. ఆరేళ్ల నాటి ల్యాప్‌టాప్‌ను మార్చుకుందామని మూడు వారాలుగా స్క్రీన్లను పోల్చి చూస్తున్నాను. కళ్లు కాయలు కాశాయి.

చాలాకాలం మిమ్మల్ని పెద్ద జమీందారనుకున్నాను. తీరా ఆరా తీస్తే మీ ఆస్తి మొత్తం ఒక్క కొవ్వొత్తి. అదీ చదరపు మీటరు మేర పలచగా పరిచిన కొవ్వొత్తి. మీ అసలు పేరు ‘చదరపు మీటరుకు ఒక క్యాండెలా’ అట. ‘నిట్’ అన్నది మెరవడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన ముద్దుపేరు. పద్నాలుగు అంగుళాల స్క్రీన్ వైశాల్యం చదరపు మీటరులో ఇరవయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ. కాగితం తీసి లెక్క కట్టాను. నా పాత స్క్రీన్‌లో ఉన్న మీవాళ్లు 220 మందీ కలిసి, ఎదురుగా కూర్చున్న నాకు చూపించేది పన్నెండు కొవ్వొత్తుల వెలుగు. 250 మంది అయితే పదమూడున్నర, 300 మంది అయితే పదహారు. అంటే ‘250 వద్దు, 300 కావాల్సిందే’ అని నేను మూడు రాత్రులు నిద్ర మానుకుని చేసిన పోరాటమంతా రెండున్నర కొవ్వొత్తుల కోసం! పైగా కంటికి మీ లెక్కలతో పనే లేదు. వెలుగు రెట్టింపైనా అది రెట్టింపుగా చూడదు. ‘కాస్త పెరిగినట్టుంది’ అనుకుని ఊరుకుంటుంది.

ఇక ఆ ప్రకటనలో అమ్మాయి సంగతి. తెల్ల చొక్కా తొడుక్కుని మిట్టమధ్యాహ్నం పచ్చిక మీద కూర్చుంటుంది. ఒడిలో ల్యాప్‌టాప్, దాని మీద ‘400 నిట్లు’ అన్న ముద్ర. స్క్రీన్‌ను చూసి మురిసిపోతుంటుంది. మంచి ఎండలో తెల్ల చొక్కా మీద మీవాళ్లు 20,000 మంది దాకా ఉంటారు. అద్దంలా నిగనిగలాడే స్క్రీన్ అందులో నాలుగు శాతాన్ని తిప్పికొట్టినా 800 మంది అవుతారు. లోపలి నుంచి వచ్చేది 400, బయటి నుంచి తిరిగొచ్చేది 800. ఆ అమ్మాయి చూసి మురిసిపోతున్నది తన చొక్కానే.

మీరు పెళ్లిచూపుల్లో ఒకలా, కాపురంలో ఇంకోలా ఉంటారన్న సంగతి కూడా ఈ మూడు వారాల్లోనే తెలిసింది. ‘500’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కనే ‘గరిష్ఠంగా’ అన్న మాట చీమంత ఉంటుంది. కొన్ని ఓలెడ్ స్క్రీన్ల (ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే రకం) విషయంలో ఆ గరిష్ఠం హెచ్‌డీఆర్ వీడియోలో, అంటే వెలుగునీడల తేడాను మరింత ఎక్కువగా చూపే వీడియోలో, ఏ మూలో మెరిసే చిన్న భాగానికే వర్తిస్తుంది. తెల్లకాగితం లాంటి పేజీ తెరిస్తే అందరూ హాజరు కారు. బ్యాటరీ ఇన్ని గంటలు వస్తుందన్న గొప్ప చూసి అడుగున ఉన్న షరతులు చదివితే, కొందరు 150 నిట్ల దగ్గర పరీక్షించామని రాసుకున్నారు. 500 మందిని చూపించి పెళ్లి చేసి, 150 మందితో కాపురం చేయమంటే ఎలాగండీ?

అయినా మీ మీద నా అసలు ఫిర్యాదు ఇది కాదు. మీ అంకెల హడావిడిలో పడి రంగు సంగతే మరిచిపోయాను. నా స్క్రీన్ రోగం చీకటి కాదు, పాలిపోవడం.

నిరుడు మేనమామ ఫోటో ఒకటి సరిచేసే పని నాకు అప్పగించారు. నా స్క్రీన్ మీద ఆయన ముఖం రక్తం లేనట్టు కనిపించింది. రంగు కొంచెం పెంచాను. చాలలేదు. ఇంకొంచెం పెంచాను. బుగ్గల్లో కళ వచ్చేదాకా పెంచి బంధువులందరికీ పంపించాను. పావుగంటలో అత్తయ్య ఫోను: “ఏం నాయనా, మీ మామయ్యకు జ్వరమా?” వాళ్ల ఫోన్లలో ఆయన కాలిన ఇటుకలా ఉన్నాడు. మామయ్య మాత్రం ఆ ఫోటోనే దాచుకున్నాడు, అందులో వయసు తగ్గిందట. లోపం మామయ్యలో లేదు, ఫోటోలోనూ లేదు. ఎరుపును ఎరుపుగా చూపించలేని నా స్క్రీన్ ముందు కూర్చుని నేను లోకానికి రంగు పూశాను.

ఆ స్క్రీన్ రంగు పరిధి, అంటే అది చూపగల రంగుల విస్తృతి, ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని తర్వాత తెలిసింది. 1953లో అమెరికాలో కలర్ టీవీ కోసం రాసుకున్న కొలతతో ఇవాళ్టికీ ల్యాప్‌టాప్‌లను కొలుస్తున్నారు. ఇందులో నేను పడ్డ గోతి చెబుతాను. ఒక ల్యాప్‌టాప్‌కు ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉంది. మరో దానికి ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని. నూటికి డెబ్బై రెండు మార్కులు ఎవరికి కావాలని మొదటిదాన్ని కొట్టేశాను. రెండు రోజుల తర్వాత తెలిసింది, పరిధి లెక్కన ఆ రెండూ దాదాపు ఒకటే. కొలబద్ద మారిందంతే. నా పాతది ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో అరవై పైచిలుకు, అంటే ఎంతో కొంత ప్యాసైనట్టే. కంప్యూటర్ స్క్రీన్ల రంగులకు ప్రమాణమైన ఆ ఎస్‌ఆర్‌జీబీని 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించాయి. అది ప్రమాణంగా ఊహించుకున్న స్క్రీన్‌లో మీవాళ్లు ఎంతమందో తెలుసా? 80. మీరు ఈ మాట ఏ ప్రకటనలోనూ చెప్పుకోగా వినలేదు.

ఒకే మోడల్ పేరు కింద ఒక్కోసారి రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తాయన్న సంగతి తవ్వితే ఈ ఉత్తరం తెల్లవారేదాకా సాగుతుంది. వదిలేస్తున్నాను.

ఇంతకన్నా సిగ్గుపడాల్సిన పని ఇంకొకటి చేశాను. మీకు కాక ఎవరికి చెప్పుకోను? కొత్త ఓలెడ్ స్క్రీన్ ఎంత బాగుంటుందో చూపించే బొమ్మలు, ‘ముందు ఇలా, తర్వాత ఇలా’ అని పక్కపక్కన పెట్టినవి, గంటల తరబడి చూశాను. ‘తర్వాత’ నిజంగానే దేదీప్యమానంగా ఉంది. ‘ముందు’ మీద మసి పూసినట్టుంది. ‘ఆహా, ఎంత తేడా’ అనుకుంటుండగా తట్టింది, ఆ రెండు బొమ్మలనూ చూపిస్తున్నది నా పాత స్క్రీనే. అంటే ఆ ‘తర్వాత’ను కూడా చూపించగల సత్తా దీనికి ఉందన్నమాట. మరి ‘ముందు’ను కావాలనే చెడగొట్టారు. మసిపూసి మారేడుకాయ చేయడం విన్నాను గానీ, మారేడుకాయకు మసి పూసి పక్కన పెట్టడం ఇదే చూడటం.

చివరికి ఒక మిత్రుడి కొత్త ల్యాప్‌టాప్‌ను నా దాని పక్కన పెట్టి, రెండింటిలోనూ మామయ్య అసలు ఫోటో తెరిచాం. వెలుతురును బట్టి తనంతట తాను మారే ఏర్పాటు, రాత్రిపూట పసుపు పులిమే ఏర్పాటు రెండూ ఆపేశాం. అతనిది 400 నిట్లది. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచగానే ఇద్దరం కళ్లు చిట్లించాం. “ఇంట్లో ఇంత ఎవడు పెట్టుకుంటాడు?” అంటూ అతను బాగా కిందికి దించాడు. నాది చివరి గీత దాకా పెంచాను. వెలుగు సమానమైంది. మీ వంశగౌరవం అక్కడికి సరి. కానీ అతని స్క్రీన్‌లో మామయ్య చొక్కా కుంకుమ ఎరుపు, నా స్క్రీన్‌లో అదే చొక్కా ఇటుక పొడి. తల కాస్త పైకెత్తి చూస్తే నాదాంట్లో మామయ్య జుట్టు కూడా నెరిసింది. ముఖం మాత్రం అతని దాంట్లో ఏ పూతా లేకుండానే ఆరోగ్యంగా ఉంది.

అందువల్ల విన్నవించుకునేది ఏమనగా, ఇకపై నా ఎంపికల్లో మీరు రెండో వరుసలో కూర్చోవలసి ఉంటుంది. 300 మంది వస్తే చాలు, కిటికీ పక్కన కూర్చున్నా పని గడుస్తుంది. మొదటి వరుసలో ఎస్‌ఆర్‌జీబీని కూర్చోబెడుతున్నాను. అలగకండి.

ఇట్లు,
పన్నెండు కొవ్వొత్తుల వెలుగులో,
తమ విధేయుడు

తా.క.: ఉత్తరం ముగించాక స్క్రీన్‌ను మెత్తటి పొడిగుడ్డతో తుడిచాను. గుడ్డ నల్లబడింది. పన్నెండున్నర అని దిద్దుకోగలరు.