ప్లాస్టిక్ పాదం వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లాస్టిక్ పాదం వారి సముఖమునకు,

ఎముకల శస్త్రచికిత్స నేర్పే ఒక శిక్షకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నిజానికి మీ కుశలం అడగనవసరం లేదు. చీలమండ మూడు చోట్ల విరిగి బల్ల మీద పడి ఉన్నా మీకు నొప్పి లేదు, వాపు లేదు, షుగరు లేదు, వరండాలో ఎదురుచూసే బంధువులు అసలే లేరు.

మీ మేలు మరువలేనిది. మీరే లేకపోతే మా కుర్ర సర్జన్లు మొదటి రంధ్రం మనిషి ఎముకకే వేసేవారు. ప్లేట్లు, స్క్రూలతో ఎముకలు అతికించే విద్యను చేతులతో చేయించి నేర్పాలని స్విస్ సర్జన్ల సంఘమైన ఏఓ బృందం 1960లో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో కోర్సులు మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎప్పుడో తమరు బల్ల ఎక్కారు, మళ్లీ దిగలేదు.

రెండు ముక్కలను దగ్గరికి బిగించే స్క్రూ పాఠం మీ దగ్గరే నేర్చుకోవాలి, కాదనను. ఇవతలి ముక్కకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం, అవతలి ముక్కకు 2.5. స్క్రూ మీది మరలు అవతలి ముక్కనే పట్టుకుని ఇవతలికి లాగుతాయి. చివరి తిప్పుకు పగులు గీత కళ్లముందే మూసుకుపోతుంది. కుర్రవాడి ముఖం వెలిగిపోతుంది. వెలగదా మరి! మీ పగులును రంపంతో నున్నగా కోసి పంపారు కదా, అతకకపోతేనే వింత. అదే స్క్రూను ఒక వృద్ధురాలి ఫిబులాలో, అంటే మోకాలి కింద బయటి వైపు ఉండే సన్నని ఎముకలో, బిగించమనండి. బెండులో దిగినట్టు దిగి, చివరి అర చుట్టులో గిర్రున తిరిగి ఊరుకుంటుంది. అప్పుడేం చేయాలో మీరు ఒక్కనాడూ చెప్పిన పాపాన పోలేదు.

కొలతల సంగతీ అంతే. చీలమండ కీలులో మడమ ఎముక పైన కూర్చునే తాలస్ ఎముక ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగితే కీలులో ఎముకలు ఆనుకునే వైశాల్యం 42 శాతం తగ్గుతుందని 1976లో రామ్సే, హామిల్టన్ అనే పరిశోధకులు చూపారు. ఆ అంకె మీద తర్వాత వాదాలు నడిచినా, మిల్లీమీటరుకు విలువ ఉందన్న మాటను ఎవరూ కొట్టిపారేయలేదు. మీ తాలస్‌ను తలకిందులుగా బిగించినా మాత్రం మీకు చింత లేదు. రేపు నడవాల్సింది మీరు కాదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నా అసలు ఫిర్యాదు మీ చర్మం గురించి, అంటే మీకు లేని చర్మం గురించి. చీలమండ దగ్గర ఎముకకూ చర్మానికీ మధ్య కండ దాదాపు ఉండదు. విరిగిన కొన్ని గంటల్లోనే అక్కడ చర్మం బిగుసుకుని నిగనిగలాడుతుంది, బొబ్బలు లేస్తాయి. ఆ పూటే కోస్తే గాయం మూసుకోకపోవచ్చు. ప్లేటు బయటపడుతుంది, చీము పడుతుంది. మడమ ఎముకకు బయటి వైపు ఎల్ ఆకారంలో పెద్ద కోత పెడితే, ఆ మూలలోని చర్మమే ముందు నల్లబడుతుంది. అందుకే చాలాసార్లు వారం, రెండు వారాలు ఆగి, వాపు తగ్గి చర్మం మీద ముడతలు కనిపించాకే కత్తి పడతారు.

మీ దగ్గర సర్టిఫికెట్టు పుచ్చుకుని వచ్చిన ఒక కుర్రవాడు అలాంటి మడమ ముందు నిలబడ్డాడు. చేతిలో గీత గీసే పెన్ను సిద్ధంగా ఉంది. "సర్, ఏ ప్లేటు వేద్దాం?" అన్నాడు. వేళ్లతో చర్మాన్ని దగ్గరికి నొక్కి చూడమన్నాను. నొక్కాడు. ఒక్క ముడతా పడలేదు. "ఇప్పుడేం చేద్దాం సర్?" అన్నాడు. కాలి కింద దిండ్లు పెట్టి ఎత్తుగా ఉంచి, రోజూ వచ్చి చూడమన్నాను. ఆపరేషన్ చేజారిపోయినట్టు ముఖం మాడ్చుకున్నాడు. తప్పు వాడిది కాదు, తమది. విరిగిందంటే వెంటనే బిగించాలనే కదా మీరు నేర్పింది! (ఫార్మలిన్‌లో ఊరిన శవాలూ మీ కోవలోవే. చర్మం ఉంటుంది గానీ, విరగ్గొట్టినా వాచదు.)

కనుక వచ్చే కోర్సులో ఒక బల్ల మీద బొబ్బలు లేచిన రబ్బరు పాదాన్ని ఉంచమని, పక్కన డ్రిల్లు, ప్లేట్లు అన్నీ పరచమని, డ్రిల్లు ముట్టినవారికి సున్నా మార్కులు వేయమని నిర్వాహకులకు రాశాను. వారు సానుకూలంగానే స్పందించారు. ఒక్క సందేహం మాత్రం అడిగారు: ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి సర్టిఫికెట్టులో ఏమని రాయాలి?

ఇట్లు,
తమరు వదిలేసిన పాఠాలు చెప్పుకుంటున్న
ఒక శిక్షకుడు