సవరణ: షెమేనస్ గోడ బొమ్మల సంగతి

కెనడాలో వాంకూవర్ దీవిలోని షెమేనస్ గురించి పోయినసారి రాసిన పోస్టులో 'కలప మిల్లు మూతపడ్డాక ఊరివాళ్లంతా కలిసి గోడల మీద బొమ్మలు వేసుకున్నారు' అని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండి.

మొదటి అయిదు బొమ్మలు పూర్తయింది 1982లో. పాత మిల్లు మూతపడింది 1983లో. అంటే దెబ్బ తగిలాక కట్టిన కట్టు కాదిది, అంతకు ముందే మొదలైన పని. 1985లో చిన్న మిల్లు ఒకటి మళ్లీ వచ్చింది కూడా. 'మిల్లు పోయింది, బొమ్మలొచ్చాయి' అనే కథ వినడానికి బాగుంటుంది కాబట్టే అంత తేలిగ్గా పాకుతుంది!

ఇక 'ఊరివాళ్లు వేసుకున్నారు' అన్న మాట. చరిత్ర ఊరిది, కుంచె మాత్రం ఎక్కువగా పిలిపించిన చిత్రకారులది. తొలి బొమ్మల్లో ఒకదాన్నే చూడండి: అడవిలో నరికిన భారీ దుంగల్ని ఆవిరితో నడిచే యంత్రం లాగుతూ ఉంటుంది. 'స్టీమ్ డాంకీ' అనేవారు దాన్ని, గాడిద చాకిరీ చేసేది కాబట్టి కాబోలు.

పోస్టులో మిగతాదంతా యథాతథం.