పెనెలపీ: పేకా, బాతా?

(వదిన నేతవారింటి ఆడపడుచు. మరిది చలికాలం వస్తే బైనాక్యులర్ పట్టుకుని కొల్లేరు పోయే మనిషి. హోమర్ గ్రీకు కావ్యం 'ఒడిస్సీ'లో 20 ఏళ్లు భర్త కోసం ఎదురుచూసిన పెనెలపీ పేరుకు అర్థమేమిటన్నది ఈ ఆదివారం గొడవ.)

వదిన: గ్రీకులో 'పీనే' అంటే పేక నూలు, మగ్గం మీద అడ్డంగా నేసే పోగు. ఇంకేం కావాలి? 108 మంది మగాళ్లు పెళ్లి చేసుకోమని ఇంట్లో తిష్ఠ వేశారు. మామగారికి శవవస్త్రం నేసి చెబుతానంది. పగలు నేసింది, రాత్రి దివిటీ వెలుగులో విప్పింది. మూడేళ్లు నమ్మారు పిచ్చోళ్లు!

మరిది: కథ బాగుంది వదినా. 'పీనే' పోగా మిగిలిన తోక సంగతేంటి?

వదిన: 'ఓప్స్' అంటే ముఖం అంటారు కొందరు.

మరిది: పేకముఖి! ఆడపిల్లకు పెట్టే పేరేనా అది? గ్రీకులో 'పీనెలొప్స్' అని ఒక బాతే ఉంది. విరవక్కర్లేదు, అతకక్కర్లేదు. క్రీ.పూ. 600 ప్రాంతపు కవి ఆల్కయస్ పాటలో ఆ బాతులు సముద్రపు అంచుల నుంచి ఎగిరొస్తాయి, మచ్చల మెడలతో. పసిపాప పెనెలపీని సముద్రంలో పారేస్తే బాతులే కాపాడాయని కథ కూడా ఉంది.

వదిన: హోమర్ చెప్పాడా?

మరిది: లేదు... తర్వాతి వ్యాఖ్యాతలు.

వదిన: పేరు చూసి కథ అల్లారన్నమాట.

మరిది: ఆ మాట నీ మగ్గానికీ తగులుతుంది! పేరులో పేక వినిపించి, ఏ గాయకుడో ఆ విప్పే ఎత్తు కల్పించి ఉండొచ్చుగా?

వదిన: (కాసేపాగి) ఉండొచ్చు. కానీ వాడెవడో మగ్గం దగ్గర కూర్చున్నవాడే. విప్పేది పేకనే, పడుగు, అంటే నిలువు పోగులు, కదపరు. పొద్దున్నే మళ్లీ అక్కడే మొదలెట్టొచ్చు. మా నాన్న తప్పు పడ్డ అంచు విప్పుతుంటే చూశాను. ఒక్కో పోగూ వెనక్కి తీయాలి. తొందరపడి లాగితే పడుగు తెగుతుంది. నేయడమే నయం. మూడేళ్లు ఆ పని చేసిందంటే పేరు పేకది కాక ఇంకెవరిది?

మరిది: 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఒక బాతు శాస్త్రీయనామంలో పెనెలపీ అని పెట్టాడు. చలికాలం మన దగ్గరికీ వస్తుంది. ఇటుకరంగు తల, నడినెత్తిన మీగడరంగు పట్టీ. ఎంత అందమో!

వదిన: ఆడబాతా?

మరిది: మగది. ఆడది మామూలు గోధుమరంగు.

వదిన: పేరు ఆవిడది, సోకులు వాడికా! ఏదీ, ఫొటో చూపించు.