ఓ విచారణా, రేపు రా!

మహారాజశ్రీ బహిరంగ విచారణ గారి దివ్య సముఖమునకు,

టొరంటో నుంచి తమ విధేయుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమ క్షేమం అడగడానికి లేదు, ఇక్కడి జీ20 గొడవ మీద తమరిని వేయాలని అడిగి ఇన్నేళ్లయినా తమరింకా పుట్టలేదు కాబట్టి. పుట్టనివాళ్లకు ఉత్తరమేంటని మా ఆవిడ నవ్వింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అనుకునే జాతి మనది, ఉత్తరం రాస్తే తప్పా అన్నాను.

నిన్న జరిగింది మనవి చేసుకుంటాను. బ్లౌజులకు లైనింగ్ గుడ్డ తెమ్మని మా ఆవిడ నన్ను క్వీన్ స్ట్రీట్ బట్టల కొట్లకు తోలింది. మా బావమరిది కారులో దింపి, "పార్కింగ్ చూసుకుని పది నిమిషాల్లో వచ్చేస్తా బావా, పనైపోతే స్పడైనా వీధి మూల మీద నిలబడు" అన్నాడు. నిలబడ్డాను. వాన మొదలైంది. గొడుగు కారులో ఉంది. ఫోన్ చేస్తే "వచ్చేస్తున్నా బావా, సిగ్నల్ దగ్గరున్నా" అన్నాడు. ఇరవై నిమిషాల తర్వాత చేసినా అదే సిగ్నల్. మూడు మీటర్ల గంధం రంగు గుడ్డను కవరుతో సహా నెత్తిన పెట్టుకుని, బూట్లలో నీళ్లు పచక్ పచక్‌మంటుంటే 70 నిమిషాలు అక్కడే ఉన్నాను. అప్పుడు వెలిగింది. ఇది ఆ మూలే కదా!

2010 జూన్ 27, ఆదివారం సాయంత్రం. ఇదే కూడలి, ఇంతకు నాలుగింతల వాన. జీ20 సదస్సు ముగింపు రోజు. పోలీసులు అన్ని వైపులా దడి కట్టి, వందల మందిని నాలుగు గంటల పాటు ఆ వానలోనే నిలబెట్టారు. అందులో నిరసనకు వచ్చినవాళ్లున్నారు, దారినపోతూ ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు. ముందురోజు షాపుల అద్దాలు పగలగొట్టి పోలీసు కార్లు తగలబెట్టినవాళ్లను నేనేం వెనకేసుకురావడం లేదు. కానీ ఆ వారాంతంలో అరెస్టు చేసింది 1,100 మందికి పైగా. వాళ్లను పడేసింది ఈస్టర్న్ అవెన్యూలో ఒకప్పటి సినిమా స్టూడియోలో. చాలామంది మీద చివరికి కేసే లేదు. షూటింగ్ అయిపోయింది, ప్యాకప్!

ఇక ఐదు మీటర్ల కథ. సదస్సు చుట్టూ కంచె వేశారు. కంచెకు బయట ఐదు మీటర్ల దూరంలోకి వచ్చినా పేరు చెప్పాలి, సోదా ఇవ్వాలి, లేదంటే అరెస్టని ప్రచారం. చట్టం ఏదయ్యా అంటే, రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆనకట్టలూ వంతెనలూ కాపాడుకోవడానికి 1939లో చేసింది. దాని కింద అంటారియో రాష్ట్ర మంత్రివర్గం గుట్టుచప్పుడు కాకుండా ఒక నిబంధన తెచ్చింది. జూన్ 28తో దాని ఆయుష్షు తీరింది. గెజిట్‌లో అచ్చయింది జూలై 3న. పెద్దకర్మకు వచ్చినవాళ్లకు శుభలేఖ ఇచ్చినట్టు! అంతా అయ్యాక, ఆ ఐదు మీటర్ల నియమం నిజంగా ఉందా అని విలేకరులడిగితే, లేదన్నారు అప్పటి పోలీస్ చీఫ్ బిల్ బ్లేర్ గారు. కంచె లోపలే తప్ప బయట ఒక్క మీటరుకూ ఆ నిబంధన వర్తించదట. తర్వాత ఆయన ఎంపీ అయ్యారు, మంత్రీ అయ్యారు. నిన్న ఊసుపోక ఆ మూల మీద ఐదు మీటర్లు అడుగులేసి చూశాను. నా అడుగులకు ఏడు. వానలో ఎనిమిది.

కృత్రిమ సరస్సు సంగతి తమకు చెప్పక్కర్లేదు. విలేకరులు టొరంటోకు ఉత్తరాన ఉన్న మస్కోకా సరస్సుల అందాలు చూసి మురవాలని మీడియా కేంద్రంలో మోకాలి లోతు కూడా లేని మడుగు ఒకటి కట్టారు. 57,000 డాలర్లు. ఆ హాలు గుమ్మం దాటి కాస్త నడిస్తే అంటారియో సరస్సు, దాదాపు 19,000 చదరపు కిలోమీటర్లు, టిక్కెట్టు కూడా లేదు. సరిహద్దు దగ్గర రద్దీ తగ్గించాల్సిన నిధిలోంచి 5 కోట్ల డాలర్లు తీసి ఒక మంత్రి గారి నియోజకవర్గంలో మంటపాలూ మరుగుదొడ్లూ కట్టారు. ఆ ఊళ్లకూ సరిహద్దుకూ ఆముదానికీ ఆవకాయకూ ఉన్నంత సంబంధం.

ఇన్ని జరిగాక తమరు రావాలి కదా. సర్కారు పిలవదని తెలిసే, పిలిచి తీరాలని ఏకంగా చట్టమే చేద్దామని ప్రతిపక్షం వాళ్లు బిల్లు రాసుకొచ్చారు. అది చట్టం కాలేదు. మా చిన్నప్పుడు ఊళ్లో దయ్యం తిరుగుతోందని ప్రతి తలుపు మీదా బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు. ఆవిడ రోజూ వచ్చి, చదివి, వెనక్కి పోవాలన్నమాట. రాజధాని ఒట్టావాలో తలుపు మీద కూడా ఎవరో తమరి పేరు అలాగే రాసిపెట్టారు. దయ్యానికైనా అనుమానం వస్తుందేమో, తమరికి రాలేదు.

బదులుగా ఎవరెవరో వచ్చారు. అంటారియో అంబుడ్స్‌మన్ ఆండ్రే మారిన్ ఆ నిబంధనను చూసి గట్టిగానే కడిగేశారు. మాజీ ప్రధాన న్యాయమూర్తి మెక్‌మర్ట్రీ గారు 1939 చట్టాన్ని చూశారు, తర్వాత అది రద్దయింది కూడా. రిటైర్డ్ జడ్జి మోర్డెన్ గారు పోలీసు బోర్డును, పోలీసుల మీద ఫిర్యాదులు చూసే మెక్‌నీలీ గారు పోలీసుల తీరును, ఆడిటర్ జనరల్ మంటపాల లెక్కను. అందరూ మంచివాళ్లే, అందరూ గట్టిగానే తడిమారు. అంధగజ న్యాయం. ఒకరికి తొండం, ఒకరికి తోక. ఇంత పెద్ద సదస్సును జనం కిటకిటలాడే నగరం నడిబొడ్డున పెట్టమన్నదెవరు, ఆ ఆదివారం ఎవరికి ఎవరు ఫోన్ చేశారు, అప్పటి ప్రధాని హార్పర్ గారి కార్యాలయానికి ఏం తెలుసు? మావటివాణ్ణి పిలిచి ఆ మాట అడగగలిగింది తమరొక్కరే.

తమరు రాలేరనుకుంటే సరిపెట్టుకునేవాణ్ణి. 1997లో వాంకూవర్ సదస్సులో విద్యార్థుల కళ్లలో పెప్పర్ స్ప్రే కొట్టారు. పెప్పర్ అంటే నేను పళ్లెంలో చల్లుకునేదే అని జోకేశారు ప్రధాని క్రెటియన్. ఆ గొడవ మీద కూడా హ్యూస్ గారి విచారణ 2001లో నివేదిక ఇచ్చింది. మా ఇండియాలో బాబ్రీ మసీదు కూల్చివేత మీద వేసిన తమ జ్ఞాతి లిబర్హాన్ కమిషన్ మూడు నెలల్లో వస్తానని 17 ఏళ్లకు వచ్చింది, 48 పొడిగింపులతో. మా బావమరిది సిగ్నల్ దగ్గరే ఉన్నట్టు. కానీ వచ్చింది!

అంతెందుకు, 2022లో లారీలవాళ్లు ఒట్టావాను దిగ్బంధిస్తే సర్కారు అత్యవసర చట్టం ప్రయోగించింది. 1988లో ఆ చట్టం రాసినవాళ్లు జాగర్త తెలిసినవాళ్లు. ప్రయోగం ఆపిన 60 రోజుల్లో విచారణ వేసి తీరాలని అందులోనే రాసిపెట్టారు. సర్కారు ఇష్టాయిష్టాలతో పని లేదు. జస్టిస్ రూలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ప్రధాని ట్రూడో స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఏడాది తిరక్కముందే నివేదిక. 1939 చట్టంలో అలాంటి ఒక్క వాక్యం లేదు. ఒక్క వాక్యమండీ!

అంటే పిలుపు ముందే రాసి ఉంటే తమరు వస్తారు, లేకపోతే రారు. పెళ్లికొడుకు బావగారా తమరు? శుభలేఖ మీద పసుపు బొట్టు లేదని అలిగారా? వెయ్యి మందిని పట్టుకెళ్లి బోనుల్లో పెట్టారయ్యా! పేరు బిళ్లలు తీసేసి తిరిగిన పోలీసులకు ఒక్కరోజు జీతం కోత. వానలో నిలబడ్డవాళ్లకు పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగితే 2020లో 1.65 కోట్ల డాలర్లకు రాజీ. అది ఎవరి డబ్బు? నా పన్ను, మా బావమరిది పన్ను! ఇంత జరుగుతుంటే ఎక్కడ చచ్చావు నువ్వు? ఏ సిగ్నల్ దగ్గర ఉన్నావు?

క్షమించాలి. నోరు జారింది.

నిజం చెప్పాలంటే నన్నూ ఓ రెండు ప్రశ్నలడగాలి తమరు. ఆ ఆదివారం నేను టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో సోఫా మీద పకోడీలు తింటూ టీవీలో ఆ వానను చూశాను. "మనకెందుకొచ్చిన గొడవ, సిటిజన్‌షిప్ కూడా రాలేదు" అని ఛానల్ మార్చింది నేనే.

మా బావమరిది చివరికి వచ్చాడు. కారెక్కీ ఎక్కకముందే, నేను నోరు తెరవకముందే మొదలెట్టాడు. వన్‌వేలో ఇరుక్కున్నాడట, పార్కింగ్ దొరకలేదట, దొరికినచోట చలానా పడిందట. చలానా తీసి చూపించాడు కూడా. ఇంటికి వెళ్లేదాకా చెబుతూనే ఉన్నాడు. సగం అబద్ధమే అయ్యుంటుంది. విన్నాను. గుడ్డ మాత్రం రంగు దిగింది, దాని మీద మా ఆవిడ విచారణ ఇంకా నడుస్తోంది.

తమరు ఎప్పుడొచ్చినా సరే, క్వీన్, స్పడైనా కలిసే మూలకే రండి. గొడుగు మరిచిపోవద్దు.

ఇట్లు,
తమ రాకకై తడిసిన విధేయుడు