ఆరణాల అరకాసు

మా దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, విక్టోరియా రాణి ఉంటారు. మొదటి ఇద్దరూ పటాల్లో ఉంటే, రాణిగారు కుంకుమ భరిణెలో కాపురం. ఏటా వరలక్ష్మీ వ్రతం నాడు బయటికొచ్చి, కలశం ముందు తమలపాకు మీద కూర్చుని, అక్షింతలు వేయించుకుని మళ్లీ భరిణెలోకి వెళ్లిపోతుంది. ఇంగ్లండులో కూడా ఆవిడకు ఇంత నిష్ఠగా పూజ జరిగి ఉండదు.

కథ ఏమిటంటే, మా ముత్తాత కాకినాడ రేవులో ఒక దొర దగ్గర గుమాస్తా. లెక్కల్లో దమ్మిడీ తేడా రానివ్వలేదని మురిసిపోయి, ఆ దొర సీమకు ఓడ ఎక్కే ముందు జేబులోంచి అరకాసు తీసి ఈయన చేతిలో పెట్టాడట. అరకాసంటే అర సవరను, రాణి బొమ్మ వేసిన ఇంగ్లండు బంగారు నాణెం. నాలుగు గ్రాముల బంగారం.

దాని మీద మా బాబాయికి ముప్పై ఏళ్లుగా కన్ను. పంపకాల్లో కొబ్బరిచెట్లు తెగాయి, ఇత్తడి గంగాళం తెగింది, ఇది మాత్రం తెగలేదు. ఏ పెళ్లిలో కలిసినా, సరిగ్గా పెరుగు వడ్డించే వేళకు ఆ మాట వస్తుంది. "అందులో నాకూ సగం ఉంది వదినా" అంటాడు. అమ్మ వినపడనట్టు మజ్జిగ మిరపకాయ కొరుకుతుంది.

చిక్కల్లా ఒకటే. మా బంగారం నల్లగా ఉండేది. బంగారం నల్లబడుతుందా అని నాలుగు తరాల్లో ఒక్కరూ అడగలేదు. ఇంటికి తగిలే దిష్టి అంతా అదే లాగేసుకుంటోందని నానమ్మ చెప్పింది. అందరికీ అది సరిపోయింది.

పోయిన శ్రావణంలో, అసలు ఆ నాణెం ఏ సంవత్సరానిదో తేల్చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. చింతపండు నానబెట్టాను. పాత టూత్‌బ్రష్ తీశాను. అదీ చాలక పళ్లపొడి అద్దాను. పది నిమిషాలకు అక్షరాలు తేలాయి: విక్టోరియా డీ గ్రేషియా.

"గ్రేషియా వాళ్ల ఇంటిపేరు కాబోలు" అంది అమ్మ.

లాటిన్‌లో దేవుడి దయవల్ల అని అర్థమని చెప్పాను. అయితే మన గూట్లో ఉండదగిన మనిషే అంది. బొమ్మలో రాణిగారి నెత్తిన కిరీటం మరీ చిన్నది, కొప్పు మీద సన్నజాజి చెండు పెట్టినట్టు ఉంటుంది. తల కాస్త వంచితే జారిపోతుందేమోనని ఆ రోజుల్లో అక్కడి జనమే నవ్వుకున్నారట. వెనక వైపు రాజముద్ర డాలు, 1887. విలువ మాత్రం ఎక్కడా లేదు.

నాణేల పుస్తకంలో వెతికితే దొరికింది. రాణి గద్దెనెక్కి 50 ఏళ్లయిన సందర్భంగా కొట్టిన కొత్త బొమ్మ. ఆ ఏటి అర సవరను వెనక కూడా కిరీటం ఉన్న డాలే! వెంటనే ఫొటో తీసి వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపాను. పెద్దత్తయ్య దండాలు పెట్టింది. బాబాయి "సగం" అని ఒక్క మాట రాశాడు.

అక్కడితో ఆగి ఉంటే పోయేది. మెరుపు కోసం ఇంకో నాలుగు సార్లు తోమాను. రాణిగారి ముక్కు తెల్లబడింది. తుడిస్తే బుగ్గ కూడా తెల్లబడింది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కంసాలి ఆచారిగారి కొట్టుకు పరుగెత్తాను. ఆయన ముందు తక్కెడలో వేశారు. అర సవరను 3.99 గ్రాములు తూగాలి, ఇది మూడు గ్రాములు కూడా లేదు. తరువాత గీటురాయి మీద ఒక గీత గీసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "వెండి బాబూ. మంచి వెండే. పైన బంగారు పూత" అన్నారు. మళ్లీ అంచు చూసి, "ఎవడు చేశాడో కానీ, పనిమంతుడు" అని మెచ్చుకున్నారు కూడా. నాకు ఆ మెచ్చుకోలు రుచించలేదు.

ఇంటికొచ్చి పుస్తకంలో మిగతా సగం చదివాను. అది ముందే చదవాల్సింది. 1887లో ఆరు పెన్నీల వెండి నాణేన్ని కూడా అర సవరనును పోలిన డాలు బొమ్మతోనే కొట్టారు. సైజు కూడా దాదాపు అంతే. పైగా విలువ వేయలేదు. కొందరు ఘనులు దానికి బంగారు పూత పూసి అర సవరను కింద మార్చేశారు. 6 పెన్నీలు పెడితే 120 పెన్నీలు! టంకశాల వాళ్లు నాలుక కరుచుకుని, ఆ ఏడాదే ఆ బొమ్మ ఆపేసి, 'సిక్స్ పెన్స్' అని అక్షరాలా రాసిన నాణెం తెచ్చారు.

1898 తరువాత చాలాకాలం మన రూపాయికి 16 పెన్నీలు లెక్క, అంటే పెన్నీకి అణా. మా ముత్తాత ఏడున్నర రూపాయలు అనుకుని కళ్లకద్దుకున్నది అచ్చంగా ఆరణాలు. దొర తన నెత్తిన ఉన్నది కాక, మా ముత్తాతకు కూడా ఒక టోపీ పెట్టి వెళ్లాడన్నమాట. దమ్మిడీ తేడా రానివ్వని గుమాస్తాకు!

"ఛ, దొరను అనకండి. ఆయన్ను కూడా ఎవరో మోసం చేసి ఉంటారు పాపం" అని పెద్దత్తయ్య ఫోనులో కంటతడి పెట్టింది. ఆవిడ అనుమానమంతా ఆచారిగారి మీదే, తూకం వేసేటప్పుడు మార్చేశాడని. పాత నాణేలను చచ్చినా తోమకూడదు, తోమితే సేకరించేవాళ్లు ముట్టుకోరు అని అదే పుస్తకంలో ఉంది. ఆ పేజీ నేనెవరికీ చూపించలేదు. ఇంగ్లండులో ఈ ఆరు పెన్నీల బిళ్లను క్రిస్మస్ పుడ్డింగులో దాచేవారనీ, పెళ్లికూతురు బూటులో పెట్టేవారనీ కూడా ఉంది. బూటు సంగతి అమ్మకు చెప్పలేదు.

బాబాయి మాత్రం ఆ రాత్రే ఫోను చేశాడు. "వదినా, ఇంటి పెద్దకోడలివి, అది నీ దగ్గర ఉండటమే న్యాయం" అన్నాడు.

ఈ ఏడాది వ్రతానికి అమ్మ భరిణె తెరిచింది. రాణిగారిని తమలపాకు మీద కూర్చోబెట్టి, ముక్కుకు, బుగ్గకు పసుపు కాస్త దట్టంగా మెత్తింది. దీపం వెలుగులో మళ్లీ బంగారమే. నేను ఫొటో తీసి పంపాను.

"ఒరేయ్, ఆ తక్కెడ సరైనదేనా?" అని బాబాయి అడుగుతున్నాడు.