వీణ గారికి ఒక విన్నపం

సరస్వతీ సమానురాలైన బొబ్బిలి వీణ గారికి,

నలభై ఆరేళ్ళ వయసున్న మీ శిష్యుడు నమస్కరించి రాసేది. నేను క్షేమం. వేళ్ళు కావు.

బొబ్బిలి దగ్గర వీణలు చేసే గొల్లపల్లిలో మిమ్మల్ని చూసిన రోజు గుర్తుందా? ఒకే పనస మొద్దులోంచి చెక్కిన ఏకాండి వీణ! కారు వెనక సీటంతా మీకే ఇచ్చి, మా అబ్బాయిని బస్సెక్కించాం. వాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంటాడు.

ఇంటికొచ్చాక తెలిసింది మీ సంగతి. వాయించడానికి నాలుగు తీగలు, తాళానికి మూడు, వేలితో నొక్కే మెట్లు 24. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కినవాణ్ణండీ నేను. మీ మూడో మెట్టు దగ్గరే ఆయాసం వస్తోంది. వేళ్ళకి నూనె రాసుకోమన్నారు, రాసుకున్నాను. అయినా కాయలు కాశాయి. ఆఫీసులో హాజరు మిషను నా ఎడమ చూపుడు వేలిని గుర్తుపట్టడం మానేసింది.

దానికీ సర్దుకున్నాను. అసలు బాధ చెవిది. క్లాసులో నా పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల తప్పు వాయించి కిలకిలా నవ్వేస్తుంది. దాని చెవికీ వేలికీ ఒకటే వయసు. నా చెవికి ముప్పై ఏళ్ళ సర్వీసు ఉంది. ఈమని శంకరశాస్త్రి గారు, చిట్టిబాబు గారు లాంటి వీణ విద్వాంసుల్ని విని విని పొగరెక్కిన చెవి అది. వేలేమో మూడు నెలల ప్రొబేషనరు. నేనెంత ఘోరంగా వాయిస్తున్నానో ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసిపోతుంది. (మిగతావాళ్ళకి పెద్ద ఆలస్యమేం కాదు.)

మొన్న తొలి పాఠమైన సరళి వరుసలో రిషభం (రి) దగ్గర తీగ పక్కకి జరిగింది. కావాలని స్వరాన్ని ఊపే గమకం కాదు, టెన్షన్. శుద్ధ రిషభం కాస్తా దాని పై రిషభమైన చతుశ్రుతి దాకా వెళ్ళింది. ఆ రి ఒక్కటి మారితే రాగమే మారిపోతుంది. గురువుగారు కళ్ళు మూసుకునే, "మాయామాళవగౌళలో బయల్దేరి సరసాంగిలో దిగారేం బాబూ?" అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల మళ్ళీ నవ్వింది. ఈసారి తన తప్పుకి కాదు.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, అలా లాగినప్పుడల్లా మీరు అంత స్పష్టంగా పలకనక్కర్లేదు. పాత చుట్టాల్లాగా కాస్త చూసీ చూడనట్టు పోండి.

దసరాల్లో మూలా నక్షత్రం నాడు మిమ్మల్ని పీట మీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆ రోజు వాయించకూడదన్నాం. ఇంట్లో అంత భక్తి నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు పొద్దున్న మిమ్మల్ని తియ్యబోతుంటే మా అబ్బాయి చేతులు కట్టుకుని అడిగాడు:

"నాన్నా, సంక్రాంతి దాకా పూజలోనే ఉంచుదామా?"

ఇట్లు,
మీ మూడో మెట్టు దగ్గరే ఆగిపోయినవాడు