ఎవరు చెప్పారని అడగని వార్త

ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా గోదావరి జిల్లాల్లో ఎవరో ఒక నాయకుడి పేరుమీద దొంగ రాజీనామా లేఖ పుడుతుంది. ఆయన లెటర్‌హెడ్ మీద, ఆయన సంతకంతో, పార్టీ అధ్యక్షుడికి రాసినట్టుగా అది సాయంత్రానికల్లా ఫోన్లలోకి చేరుతుంది. తాను పార్టీలోనే ఉన్నానని ఆయన రాత్రికి వీడియో పెట్టుకోవలసి వస్తుంది. ఈలోగా ఏదో ఒక ఛానల్ స్క్రోలింగ్‌లో ఆ రాజీనామా నడిచిపోతుంది. లేఖ తయారుచేసినవాళ్లను అందరూ తిడతారు గానీ, నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ స్క్రోలింగే. రాజకీయాల్లో దొంగ ఉత్తరాలు కొత్త కాదు. 1924లో బ్రిటన్ ఎన్నికలకు నాలుగు రోజుల ముందు సోవియట్ నాయకుడు జినోవియెవ్ బ్రిటన్ కమ్యూనిస్టులకు రాశాడంటూ డైలీ మెయిల్ పత్రిక అచ్చువేసిన లేఖ కూడా నకిలీదేనని చరిత్రకారులు తేల్చారు. ఎవరు ఏ ఉత్తరం సృష్టించినా, దానికి వార్త హోదా ఇవ్వగలిగేది వార్తాసంస్థ ఒక్కటే.

ఈ హోదా ఎంత తేలిగ్గా దొరుకుతుందో 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల తర్వాత స్పష్టంగా కనిపించింది. ఆఫ్రికా ఒక ఖండమన్న సంగతే రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి శారా పేలిన్‌కు తెలియదని అధ్యక్ష అభ్యర్థి మెకెయిన్ ప్రచార బృందంలోని కొందరు పేరు చెప్పకుండా అన్నారని ఫాక్స్ న్యూస్ చెప్పింది. కొద్ది రోజులకు, ఆ మాట బయటపెట్టింది తానేనని మార్టిన్ ఐసెన్‌స్టాట్ అనే సలహాదారు ముందుకొచ్చాడని ఎంఎస్ఎన్‌బీసీ ప్రకటించింది. అలాంటి మనిషే లేడు. ఐటన్ గోర్లిన్, డాన్ మిర్విష్ అనే ఇద్దరు సినిమావాళ్లు కల్పించిన పాత్ర అది. ఆయన పనిచేస్తున్నట్టు చెప్పిన హార్డింగ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఒక వెబ్‌సైట్ తప్ప మరేమీ కాదు. ఒకటి కాక రెండు చోట్ల పేరు కనిపిస్తే అది రుజువేనని తొందరలో ఉన్న డెస్క్ అనుకుంటుంది, కానీ ఇక్కడ ఆ పేరు కనిపించిన ప్రతి చోటూ తిరిగి ఆ ఇద్దరి దగ్గరికే చేరుతుంది. మెకెయిన్ కార్యాలయానికి ఫోన్ చేసి ఈయన మీ దగ్గర పనిచేశాడా అని ఎవరైనా అడిగి ఉంటే ఆ వార్త అక్కడే ఆగిపోయేది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ భోపాల్. గ్యాస్ దుర్ఘటన జరిగి ఇరవై ఏళ్లు నిండిన రోజున, 2004 డిసెంబరు 3న, ఆ ఫ్యాక్టరీ నడిపిన యూనియన్ కార్బైడ్‌ను తర్వాత కొన్న డౌ కెమికల్ ప్రతినిధినంటూ జూడ్ ఫినిస్టెరా అనే వ్యక్తి బీబీసీ వరల్డ్‌లో మాట్లాడాడు. కంపెనీ పూర్తి బాధ్యత తీసుకుంటోందనీ, బాధితుల కోసం 1,200 కోట్ల డాలర్లు కేటాయిస్తోందనీ చెప్పాడు. ఆయన యెస్ మెన్ అనే నిరసన బృందం మనిషి. డౌ వెబ్‌సైట్‌ను అనుకరించి ఆ బృందం పెట్టిన సైట్‌లోని చిరునామా ద్వారానే బీబీసీ ఆయనను పిలిచింది. వాళ్ల ఉద్దేశం ఆ కంపెనీ మౌనాన్ని బయటపెట్టడమే కావచ్చు, ఆ కోపం న్యాయమైనదని నేనూ ఒప్పుకుంటాను. అయినా బీబీసీ ఆ వార్తను వెనక్కి తీసుకునేవరకూ దాన్ని నమ్మిన భోపాల్ బాధితుల ఆశకు జవాబుదారీ ఎవరు? చెప్పేవాడి ఆశయం మంచిదైతే సరిచూడడం మానేయవచ్చన్న నియమం ఎక్కడా లేదు. మన దేశంలో 2016 నవంబరులో కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందని పెద్ద ఛానళ్లు స్టూడియోల్లో వివరించి చూపించాయి. ఆ నోటు భద్రతా లక్షణాలంటూ రిజర్వ్ బ్యాంక్ ప్రకటించిన జాబితాలో చిప్ ఊసే లేదు.

సరిచూడడం డెల్టాలో ఎవరికీ తెలియని విద్య కాదు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంక గ్రామాలవాళ్లు పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో, పిల్లలను ఎప్పుడు పంపేయాలో ఆ అంకెలను చూసే నిర్ణయించుకున్నారు. ఆ అంకె ఎవరిదో, ఏ గంటకు నమోదు చేసినదో అందరికీ తెలుసు, అనుమానం ఉన్నవాడు వెళ్లి గేజీని తన కళ్లతో చూడవచ్చు. ఏటిగట్టుకు గండి పడిందన్న పుకారు వస్తే ఇక్కడి విలేకరి గట్టు మీదికి వెళ్లి చూస్తాడు. అదే విలేకరి రాజీనామా లేఖ వస్తే, ఆ నాయకుడి ఇల్లు నాలుగు వీధుల అవతలే ఉన్నా, దాన్ని డెస్క్‌కు ఫార్వర్డ్ చేసి ఊరుకుంటాడు.

అందుకు తప్పంతా ఆయనదే అనలేం. మండల స్థాయి విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తకు లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటే ఆదాయం, దానిపైన ప్రకటనల టార్గెట్ ఒకటి. ఆ ప్రకటనలు ఇచ్చేదీ, లేఖలు పంపేదీ తరచుగా ఆ నాయకుల మనుషులే. పక్క ఛానల్లో వచ్చిన బ్రేకింగ్ మన దాంట్లో ఎందుకు రాలేదని డెస్క్ నిలదీస్తుంది గానీ, సరిచూడడానికి గంటసేపు ఆపినందుకు మెచ్చుకోదు. పక్క ఛానల్ వేసిందన్నదే ఆధారమైనచోట మొదటి ఛానల్ తప్పు క్షణాల్లో అందరి తప్పూ అవుతుంది.

దీని ఖరీదు ఎంతో అమలాపురానికి తెలుసు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై 2022 మే 24న చెలరేగిన హింసలో మంత్రి, ఎమ్మెల్యేల ఇళ్లు తగలబడ్డాయి. ఆ తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేశారు. అలాంటి రోజుల్లో ఊళ్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మనుషులకు మిగిలేది పొద్దున్నే వచ్చే పత్రిక, కేబుల్‌లో వచ్చే ఛానల్. కులాల మధ్య అంత ఉద్రిక్తత ఉన్నప్పుడు ఎవరు ఎవరిని కొట్టారన్న ఒక్క వాక్యం సరిచూడకుండా వేస్తే దాన్ని ఆర్పడానికి ఏ ఖండనా చాలదు.

ప్రెస్ కౌన్సిల్ నియమావళి వాస్తవాలను సరిచూసుకోవాలనే చెబుతోంది, కానీ కౌన్సిల్ మందలించగలదే తప్ప శిక్షించలేదు, టీవీ దాని పరిధిలోకే రాదు. కాబట్టి పని మొదలుకావలసింది సంపాదకుల దగ్గరే. ఏ లేఖ వచ్చినా సంతకం చేసినట్టు కనిపిస్తున్న మనిషితో మాట్లాడాకే వేయాలి, ఆయన దొరకకపోతే దొరకలేదని వార్తలోనే రాయాలి. వేసింది తప్పని తేలితే సవరణ లోపలి పేజీ అడుగున రెండు లైన్లతో సరిపెట్టకుండా, తప్పు ఏ పేజీలో వచ్చిందో ఆ పేజీలోనే, స్క్రోలింగ్ ఎన్ని గంటలు నడిచిందో అన్ని గంటలూ, పోలింగ్‌కు ముందే రావాలి.